నాలుగు ఎర్ర చుక్కలు

“అది అంటుకుంటే మేం ఏ మెట్ల మీంచి దిగాలి?”

పై వాటాలో సామాను దించిన మర్నాడు పొద్దున, నాలుగు నెలల కూతుర్ని భుజాన వేసుకుని మెట్ల మలుపులో నిలబడి అతను అడిగిన మొదటి మాట ఇది. పేరు చెప్పుకోలేదు, పలకరింపు లేదు. కింద షెడ్డులోంచి పెట్రోలు వాసన గుప్పున కొడుతోంది. అక్కడొక పొట్టి కారు బానెట్ కింద నడుము దాకా దూరిపోయిన పెద్దాయన ఉలకలేదు, పలకలేదు. అతను రెండు మెట్లు దిగి మళ్ళీ అడిగాడు. మూడోసారికి పెద్దాయన తల బయటికి తీసి, అతని మొహంకేసి, సరిగ్గా చెప్పాలంటే అతని నోటికేసి, తేరిపార చూశాడు.

“అంటుకోదు.”

“అంటుకుంటే?”

“అంటుకుంటే మెట్లెందుకు నాన్నా? నేను కిందే ఉంటాగా. పాపను ఇటు విసురు, పట్టుకుంటా. నువ్వు నిదానంగా ఆలోచించుకుని దిగు.”

అతనికి నవ్వు రాలేదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువని, నేలబారునే ఉంటుందని, మెట్లెక్కి పైకి రాదని అతనికి తెలుసు. చదివింది రసాయనశాస్త్రమే. నీళ్ళు పరీక్షించే లాబ్‌లో మధ్యాహ్నం డ్యూటీ. భార్యకు ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ. ఆమె ఆరింటికి వెళ్తే ఒంటిగంటకు వస్తుంది. ఆ ఏడు గంటలూ పాప ప్రాణం తన చేతుల్లో ఉన్నట్టు అతనికి అనిపించేది. ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాడు. పాలు ఎన్ని మిల్లీలీటర్లు, ఒళ్ళు ఎంత వేడి, నిమిషానికి ఎన్ని ఊపిర్లు. పాప నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేవాడు. నమ్మకం కుదరకపోతే ఛాతీ మీద చెయ్యి వేసేవాడు. అప్పటికీ కుదరకపోతే బొటనవేలు చిన్నగా గిల్లేవాడు. పాప ఉలిక్కిపడి లేచి ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. ఆ ఏడుపు వింటే అతనికి ప్రాణం లేచొచ్చేది.

ఈ సంగతి కనిపెట్టడానికి కింది పెద్దాయనకు వారం పట్టలేదు.

“ఏం థర్మామీటరూ, ఇవాళ ఎంత?” అనేవాడు పొద్దున్నే.

“ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది.”

“పాపదా, నీదా?”

పెద్దాయనను ఆ వీధిలో అందరూ చెవి మేస్త్రి అంటారు. కారు వీధి మొదట్లో ఉండగానే, చూడకుండా, అందులో ఏ వాల్వు వదులైందో చెప్పేవాడట. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడట. పేరున్న కంపెనీల వాళ్ళు చేతులెత్తేసిన బళ్ళు ఈ షెడ్డుకే వచ్చేవట. ఇదంతా అతనికి ఎదురింటి టైలరు చెప్పాడు. ఏడాదిన్నర కిందట మేస్త్రి భార్య పోయింది. ఆ మర్నాటి నుంచి మేస్త్రి ఇంకొకరి బండి ముట్టుకోలేదు. పానాలు సైజు వరసన గోడకు వేలాడుతూనే ఉన్నాయి. ఒక్కొక్క దాని వెనకా గోడ మీద దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంది, తీసింది తిరిగి ఎక్కడ పెట్టాలో తెలిసేలా. షెడ్డులో మిగిలింది ఆ ఒక్క కారు.

అది ఇటలీలో తయారైన స్పోర్ట్స్ కారు. మోకాలెత్తు తలుపులు, రెండే సీట్లు, పాలిపోయిన లేత పసుపు రంగు, చెక్క స్టీరింగు. నల్ల కాన్వాసు టాపు గొడుగులా మడుచుకుని సీట్ల వెనక పడి ఉంటుంది. ఎన్నో ఏళ్ళ కిందట ఒక ఓడ ఇంజనీరు దాన్ని గోడకు గుద్ది, అంత ముచ్చటపడి కొన్నదాన్ని ఆ స్థితిలో చూడలేక, నాలుగు చెక్కపెట్టెల విడిభాగాలనూ, తుక్కైన బాడీనీ ఇక్కడ వదిలేసి, నీకు చేతనైతే నీదే అనేసి వెళ్ళిపోయాడు. మేస్త్రీ, భార్యా కలిసి దాన్ని పదకొండేళ్ళు కూర్చారు.

ప్రతి ఆదివారం ఎనిమిదింటికి మేస్త్రి దాన్ని స్టార్టు చేసి ఇరవై నిమిషాలు నడవనిచ్చేవాడు. బయటికి తీసేవాడు కాదు. మొదటి ఆదివారం అతను పాప చెవులు మూయడానికి పరుగెత్తాడు. పాప అప్పటికే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆ శబ్దంలో ఏముందో గానీ, గిల్లితే గానీ లేవనంత నిద్ర. మరుసటి ఆదివారం అతను ఫోను కిటికీలో పెట్టి ఆ చప్పుడు పన్నెండు నిమిషాలు రికార్డు చేశాడు. మిగతా ఆరు రోజులూ పాపకు అదే జోల.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఎప్పట్లాగే ఇంజన్ అందుకుంది. వెంటనే, ఇనుమును ఇనుముతో కోస్తున్నట్టు ఒక కీచుమనే రోద మొదలైంది. ఆగింది. మళ్ళీ వచ్చింది. అతను పాపను ఎత్తుకుని మెట్లు దిగాడు. మేస్త్రి కారు బయట నిలబడి, తలుపు మీంచి చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పుతున్నాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. నడుస్తున్న ఇంజన్‌ను ఆయన మళ్ళీ మళ్ళీ స్టార్టు చేస్తున్నాడు.

“బాబాయ్, నడుస్తోంది. అది నడుస్తూనే ఉంది.”

మేస్త్రి అతని నోటికేసి చూశాడు. తాళం వదిలి, అరచెయ్యి బానెట్ మీద పెట్టాడు. అది సన్నగా అదురుతోంది.

“ఎప్పట్నుంచి వినపడటం లేదు?” అని అతను అడిగాడు, ఇంజన్ ఆపేశాక.

“సన్న చప్పుళ్ళు పోయి పన్నెండేళ్ళు. ఇప్పుడు లావువి కూడా పోతున్నట్టున్నాయి.”

“పన్నెండేళ్ళా? మరి మొన్న మొన్నటి దాకా బళ్ళు బాగుచేశారుగా. చెవి మేస్త్రి అని...”

“పేరు నాది. చెవి ఆవిడది.”

ఆ పొద్దున, ఒక తిరగేసిన డబ్బా మీద కూర్చుని, మేస్త్రి తన బతుకు చెప్పుకొచ్చాడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. రోజూ ఎనిమిది గంటలు చెవులకు తొడుగు పెట్టుకుని, గొంతు వినీ వినకముందే ఏ ఊరి లైనో చెప్పగలిగేది. ఎక్స్ఛేంజి జనరేటర్ పాడైతే ఈయన వెళ్ళాడు. గంటసేపు కుస్తీ పట్టాడు. ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి, “ఏమండీ, కుడిపక్క రెండోది టిక్కుమంటోంది, అది చూడండి. మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి” అంది. అదే చూస్తే అదే. ఆ తర్వాత జనరేటర్ బాగున్న రోజుల్లో కూడా ఈయన దాన్ని చూడ్డానికి వెళ్తూనే ఉన్నాడు. ఆరునెలలకు పెళ్ళి. ఎక్స్ఛేంజి ఆటోమేటిక్ అయ్యాక ఆవిడ షెడ్డులోనే ఉండిపోయింది. పిల్లలు లేరు.

“నాకు వినపడటం తగ్గిందని నాకంటే ముందు ఆవిడకే తెలిసింది. ఒక్కరితో అనలేదు. నేను బానెట్లో తల పెడితే వెనక నిలబడేది. రబ్బరు ట్యూబు ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ మూతి దగ్గర. వీపు మీద ఒకసారి తడితే బిగించాలి. రెండుసార్లు తడితే వదులు చెయ్యాలి. అరచెయ్యి ఆనించి ఉంచేసిందంటే ఆపాలి. చూసేవాళ్ళు, పాపం పెళ్ళాం పక్కనే ఉండి చెమట తుడుస్తోంది అనుకునేవాళ్ళు. తిప్పడం నా వంతు, ఎన్ని చుట్లు తిప్పానో లెక్కపెట్టడం ఆవిడ వంతు.”

మేస్త్రి లేచి, బానెట్ ఎత్తి, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించే రెండు కార్బురేటర్లు చూపించాడు. తెల్లటి అల్యూమినియం మీద నాలుగు చిన్న ఇత్తడి స్క్రూలు. ఒక్కొక్క స్క్రూ తల మీద, అంచు దాటి పక్క లోహం మీదికి పాకిన ఎర్ర చుక్క.

“గోళ్ళ రంగు. కదిలితే తెలియాలని ఆవిడే పెట్టింది. ఆసుపత్రికి వెళ్ళే ముందు ఆదివారం. ఈ స్క్రూలు ఇలా ఉండగా వచ్చిన చప్పుడే ఆవిడ ఆఖరిసారి విన్నది.” బానెట్ మెల్లగా దించాడు. “ఏడాదిన్నరగా వాటిమీద వేలు పెట్టలేదు. కానీ ఇవాళ చూశావుగా. ఇంకో నాలుగు ఆదివారాలు నా చేతిలో ఉంటే చంపేస్తాను దీన్ని. చెవులున్న వాళ్ళకి ఇచ్చెయ్యాలి. నువ్వు చదువుకున్నవాడివి, ప్రకటన రాయి.”

అతను ఫోను తీశాడు. “ఏ సంవత్సరం బండి, బాబాయ్?”

“పాతది అని రాయి.”

“పాతదంటే ఎవరు కొంటారు? ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చెప్పాలి.”

“మీటరు పదకొండేళ్ళు చెక్కపెట్టెలో ఉంది. పెట్టెలో ఎంత తిరిగిందో నాకేం తెలుసు?”

“పోనీ, ఒక్కరి చేతి కిందే ఉంది అని రాయనా?”

“ఇద్దరి చేతి కింద అని రాయి.”

చివరికి ప్రకటన ఇలా తేలింది: ‘ఇటలీలో తయారైన పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. టాపు తెరుచుకుంటుంది. ఇద్దరి చేతి కింద ఉంది. ప్రతి ఆదివారం స్టార్టు చేసి వినాలి. కార్బురేటర్ల మీద నాలుగు ఎర్ర చుక్కలుంటాయి. వాటిని కదపకూడదు. కదిపే ఉద్దేశం ఉన్నవాళ్ళు రావద్దు.’

“చివరి ముక్క తీసేద్దాం బాబాయ్. బెదిరించినట్టుంది.”

“ఉండనీ. బెదిరేవాడే జాగ్రత్తగా నడుపుతాడు. నిన్ను చూట్టంలా?”

మొదట వచ్చినతను కారును ఫోటోలకు అద్దెకిస్తానన్నాడు. మేస్త్రి వినపడనట్టు ఊరుకున్నాడు. నిజంగానే వినపడలేదేమో. రెండో అతను దీనికి ఏసీ పెట్టించవచ్చా అని అడిగాడు. “టాపు లేని బండిలో ఏసీ వేస్తే వీధంతా చల్లబడాలి నాన్నా, బోలెడు పుణ్యం” అని సాగనంపాడు. ఆవిడతో ఆదివారాలు ఈ బండిలో ఊరి చివరి దాకా వెళ్ళొచ్చేవాణ్ణని ఆ రోజే చెప్పాడు. ఎండైనా ముసురైనా టాపు తెరిచే ఉంచేవారట. టాపున్న బండిలో ఊరు కనపడుతుంది, తెరిస్తే వినపడుతుంది అనేదట ఆవిడ. కళ్ళు మూసుకుని కూర్చునేదట.

మూడోవాడు ఒక పళ్ళ డాక్టరు. యాభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు. వెంట ఒక బావమరిది, అతనికి నోరెక్కువ. డాక్టరు కూర్చోవచ్చా అని అడిగి మరీ కూర్చున్నాడు. స్టార్టు చేశాక కళ్ళు మూసుకున్నాడు. అది చూసి మేస్త్రి మొహం విచ్చుకుంది. మెట్ల మలుపులో పాపను ఛాతీకి గుడ్డతో కట్టుకుని, దగ్గరి చప్పుడుకు దాని చెవులు మూసి నిలబడ్డ అతనికేసి చూసి, ఇతనే, అన్నట్టు కనుబొమలెగరేశాడు.

కానీ ఆ ఆదివారం ఇంజన్ తిన్నగా నడవలేదు. నాలుగు దెబ్బలు సరిగ్గా వేసి ఐదోది తడబడుతోంది. దగ్గుతోంది. ఆ దగ్గు వెనక ఎక్కడో సన్నటి ఈల. మూసిన పెదవుల సందులోంచి గాలి పీల్చినట్టు. అది అతను విన్నాడు. చెప్పాలనుకున్నాడు కూడా. మేస్త్రి ముందు నేనెంత అనుకున్నాడు. ఈలోగా పాప కదిలింది. రెండు చేతులూ పాప చెవుల మీదే ఉన్నాయి, బుద్ధీ అక్కడే ఉంది.

“ట్యూను పోయింది బావా,” అన్నాడు బావమరిది, మేస్త్రి మొహమ్మీదే, గట్టిగా.

ఆ మాట మేస్త్రికి వినపడింది. ఇన్నేళ్ళలో ఆ షెడ్డులో ఎవరూ అనని మాట. పోయింది అనిపించుకున్నది ఆవిడ ట్యూను. ఆయన గబగబా బానెట్ ఎత్తాడు. మెకానిక్ చేతులకు యాభై ఏళ్ళ అలవాటు ఒకటుంటుంది: ముందు థిన్నర్ కొట్టి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత స్క్రూడ్రైవర్ అందుకోవడం. ఆలోచన రాకముందే చేతులు ఆ పని చేసేశాయి. గోళ్ళ రంగు థిన్నర్‌లో కరుగుతుందని లాబ్‌లో సీసాలు కడిగే వాళ్ళకు కూడా తెలుసు. అతను మలుపులోంచి చూస్తుండగానే మేస్త్రి చేతిలో తెల్ల గుడ్డ గులాబీ రంగుకు తిరిగింది.

మేస్త్రి తిప్పుతున్నాడు. ఒకటి బిగించాడు, ఇంకొకటి వదులు చేశాడు, మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. పడవలో నీళ్ళు తోడేవాడిలా తిప్పాడు. ఇంజన్ ఇంకా తడబడి, ఒకసారి గట్టిగా దగ్గి, ఆగిపోయింది.

మేస్త్రి తల ఎత్తలేదు. భుజం మీంచి కొంచెం వెనక్కి తిరిగి, మామూలు గొంతుతో అడిగాడు:

“ఎన్నయ్యాయి?”

వెనక ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ ఆయన ఒక్క చుట్టు కూడా లెక్కపెట్టలేదు. లెక్క ఆవిడది.

పళ్ళ డాక్టరు మెల్లగా కారు దిగాడు. “పర్వాలేదు మేస్త్రి గారూ. వచ్చే ఆదివారం వస్తాను,” అని బావమరిది మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

అతను కిందికి వచ్చాడు. మేస్త్రి చేతిలో గుడ్డ విప్పి చూసుకుంటున్నాడు.

“బాబాయ్, ఈల లాంటి చప్పుడొకటి వచ్చింది. మొదటి నుంచీ వస్తోంది.”

మేస్త్రి వేలితో కార్బురేటర్ కింద తడిమాడు. దానికీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు ముక్క పగిలి, వేలిగోరు పట్టేంత సందు పడింది. అక్కడ దొంగగాలి పీలుస్తోంది. అంతే. స్క్రూల తప్పేమీ లేదు. చుక్కల దగ్గర అంతా ఆవిడ పెట్టినట్టే ఉండింది, రెండు నిమిషాల కిందటి దాకా.

“నేను విన్నాను బాబాయ్. చెప్పలేదు. పాప చెవులు మూస్తూ...”

“నీ చెవులు మూసుకోలేదుగా,” అన్నాడు మేస్త్రి.

ఆయన నోట అతను విన్న కటువు మాట అదొక్కటే. షట్టరు దిగింది. మూడు రోజులు ఎత్తలేదు. అతను మెట్లు దిగినప్పుడల్లా కింద నిలబడి వినేవాడు. లోపల చెంబు పెట్టిన చప్పుడో, కుర్చీ జరిపిన చప్పుడో వస్తే, ఉన్నాడు, అనుకుని కదిలేవాడు. పాప విషయంలో పడే భయమే ఇప్పుడు ఇంకొకరి మీదికి కూడా పాకింది. ఇంట్లో భార్యతో చెప్పుకున్నాడు. మేస్త్రి భార్య ఆఖరి గుర్తు నా కళ్ళముందు కరిగిపోయింది, నాకు తెలిసి ఉండి కూడా నోరు పెగల్లేదు అన్నాడు. నాలుగో రోజు భార్యకు సెలవు. పాపను పడుకోబెట్టడానికి ఆమె అతని ఫోను తీసి ఎప్పటి పాటే పెట్టింది. ఇంజన్ చప్పుడు గదిలో నిండింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“పాపను నేను చూసుకుంటాను. నువ్వు వెళ్ళు,” అందామె. “వెళ్ళవయ్యా. దాని ముక్కు కింద వేలు కూడా నేనే పెడతాలే.”

మేస్త్రికి ఫోనులో చప్పుడు వినపడలేదు. చెవికి ఆనించినా వినపడలేదు. గోడకున్న పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఫోను వీపుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పన్నెండు నిమిషాలు కదల్లేదు.

“ఎప్పటిది?”

“మేం వచ్చిన రెండో ఆదివారానిది. చుక్కలున్నప్పటిది.”

“ఇంకోసారి పెట్టు.”

ఇంకోసారి విని లేచాడు. పగిలిన రబ్బరు తీసి కొత్తది వేశాడు. షట్టరు పూర్తిగా ఎత్తాడు. బీరువాలోంచి రబ్బరు ట్యూబు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఒక కొస చుట్టూ చిన్న దూది ముక్క, పాతదై నల్లబడింది. చెవి నొప్పెట్టకుండా ఆవిడ చుట్టుకున్నది.

“నాకు లావు చప్పుడే తెలుస్తుంది. సన్నది నువ్వు వినాలి. వేళ్ళు చూపించకు, తల లోపలుంటే కనపడదు. వీపు మీద తట్టు.”

“నాకు రాదు బాబాయ్.”

“పాప ఊపిర్లు లెక్కపెట్టే వాడికి ఇది రాదా?”

పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టారు. ఒక చెవిలో ఫోను, ఒక చెవిలో ట్యూబు. ఒక కార్బురేటర్ బుస కొడుతోంది, రెండోది గుసగుసలాడుతోంది. ఒకసారి తట్టాడు. పావు చుట్టు. రెండుసార్లు తట్టాడు. అర చుట్టు. ప్రతి చుట్టూ గోడ మీద సుద్దతో గీశాడు. మొదట్లో ఎన్నోసార్లు తప్పు చెప్పాడు. మేస్త్రి విసుక్కోలేదు, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. పదకొండున్నరకు రెండు బుసలూ ఒక్కలా అయ్యాయి. పన్నెండుకు ఫోనులో నడిచే ఇంజనూ, బయట నడిచే ఇంజనూ ఏది ఏదో తెలియనంతగా కలిశాయి. పై నుంచి భార్య తొంగిచూసి, పాప పడుకుందని సైగ చేసింది.

అతను అరచెయ్యి మేస్త్రి వీపు మీద ఆనించి, అలాగే ఉంచాడు.

మేస్త్రి చేతులు ఆగిపోయాయి. ఆయన వెంటనే లేవలేదు. చొక్కా చెమటకు తడిసి ఉంది. అతని అరచేతి కింద ఆ వీపు ఒకసారి పెద్దగా ఎగిసింది, పడింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. చెయ్యి తీయాలో వద్దో అతనికి తెలియలేదు. తీయలేదు.

“అదేనా?” అని లోపల్నుంచే అడిగాడు మేస్త్రి. అతను ఆయన చెవి దగ్గరికి వంగాడు.

లాబ్‌లో తేడా ఎంతో చెప్పలేని కొలతను సరైనదని రాసే అలవాటు అతనికి లేదు. “దగ్గరగా ఉంది బాబాయ్. అదే అని మాత్రం చెప్పలేను.”

మేస్త్రి నడుము పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఆవిడా అలాగే అనేది. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా సరిగ్గా ఉందనలేదు. దగ్గరగా ఉంది, ఇంక చెయ్యి తియ్యి అనేది.”

“మళ్ళీ చుక్కలు పెడదామా? మా ఆవిడ దగ్గర ఎర్ర రంగు ఉంది.”

“వద్దు నాన్నా. అవి ఆవిడ చుక్కలు. ఇది మనిద్దరి పని. దీనికి ఎందుకు?” అని కొత్త గుడ్డతో ఆ నాలుగు స్క్రూల తలలూ తుడిచాడు. గులాబీ రంగు గుడ్డ మాత్రం ఉతకలేదు. ఉతక్కుండా మడిచి సొరుగులో పెట్టుకున్నాడు.

ఆదివారం పళ్ళ డాక్టరు ఒక్కడే వచ్చాడు. బండి స్టార్టు చేసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నాడు. కాగితాల మీద సంతకాలయ్యాక, “చుక్కలేవో ఉన్నాయని రాశారుగా?” అన్నాడు.

“ఉండేవి,” అన్నాడు మేస్త్రి.

మేస్త్రి రబ్బరు ట్యూబు తెచ్చి పక్క సీట్లో పెట్టాడు. మబ్బు పట్టి ఉంది. డాక్టరు పైకి చూసి, టాపు ముయ్యకుండానే బయల్దేరాడు. లేత పసుపు కారు షెడ్డు గుమ్మం దాటి, టైలరు కొట్టు దాటి, వీధి చివరికి వెళ్ళి, కుడివైపు తిరిగింది. కనపడటం ఆగింది.

మేస్త్రి నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. “వినిపిస్తోందా?”

“ఆ. వినిపిస్తోంది.” నిజంగానే వినిపిస్తోంది. “ఇప్పుడు గేరు మార్చాడు.”

“మూడో గేరు. అక్కడ ఎత్తు ఉంటుంది.”

“ఆ. ఎత్తెక్కుతోంది.”

భుజం మీద పాప అటూ ఇటూ చూసింది. చప్పుడు సన్నబడింది. ఒక లారీ వెళ్ళింది. లారీ వెళ్ళాక ఇంకేం మిగల్లేదు. కుట్టుమిషను చప్పుడు, ఎవరిదో కుళాయి.

“ఇంకా వినిపిస్తోందా?”

మేస్త్రి అతని నోటికేసి చూడటం లేదు. నేలకేసే చూస్తున్నాడు.

“ఆ, బాబాయ్,” అన్నాడు అతను గట్టిగా. “ఇంకా వినిపిస్తోంది.”

మేస్త్రి తలూపాడు.

ఆ రోజు మేస్త్రిని టీకి బలవంతాన పైకి తీసుకొచ్చాడు. పాప అప్పుడే నిద్రపోయింది, జోల లేకుండానే. భార్య వంటింట్లో ఉంది. కప్పులు బల్ల మీద పెట్టి, అతను ఉయ్యాల మీదికి వంగి ఎప్పట్లాగే పాప ముక్కు కింద వేలు పెట్టబోయాడు. మేస్త్రి కుర్చీలోంచే చెయ్యి చాచి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

“చేతులు వెనక్కి కట్టుకో,” అన్నాడు. “ఆవిడ నాతో రోజూ అనేది. ఎక్స్ఛేంజిలో అదే వాళ్ళ పద్ధతి, పూర్తిగా వినకుండా లైను కలిపే ప్లగ్గు పెట్టకూడదని. నేను విని చెప్పేదాకా నీ చేతులు వెనకే ఉండాలి అనేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఉంచాను. ఒక్క ఆదివారం ఉంచలేకపోయాను.”

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఇప్పుడు పాపకు ఏడాది నిండింది. కింద షెడ్డులో కారు ఉండే చోట మేస్త్రి కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటాడు. నోటు పుస్తకంలో ఊపిర్ల లెక్క సగంలో ఆగిపోయి ఉంది. భయం పోలేదు, అది పోయే రకం కాదు. పాప నిద్రపోయిన ప్రతిసారీ అతను ఉయ్యాల దగ్గరికి వెళ్తూనే ఉంటాడు. వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడతాడు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. అది చెవికి అందేదాకా చెయ్యి ముందుకు తీసుకురాడు. ఆ రోజు మేస్త్రి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, లేస్తూ అన్న మాట అతనికి ప్రతిసారీ గుర్తొస్తుంది.

“ముందు చెవి పెట్టు నాన్నా. చెయ్యి తర్వాత. నీకింకా వినపడుతోందిగా.”